జుర్రుపిట్ట

మొన్నొక ఆదివారం నెల్లూరులో మా మరిది ఇంటికి భోజనానికి వెళ్ళాను. మద్రాసులో ఇంజనీరింగు చదివే వాళ్ళ పెద్దవాడు సెలవులకు వచ్చి ఉన్నాడు. ముందుగదిలో చాప పరిచి, ముగ్గురు స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టుకుని ఏదో ఆట ఆడుతున్నాడు. గళ్ళ అట్ట లేదు, పేకముక్కలు లేవు. తలా ఒక కాగితం, ఒక పెన్సిలు, మధ్యలో కొన్ని పాచికలు. వాటిలో ఒకదాన్ని చూసి నేను వంటింట్లోకి పోకుండా అక్కడే ఆగిపోయాను. దానికి ఇరవై ముఖాలున్నాయి. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఎదురెదురు ముఖాల మీది అంకెలు కలిపితే ఏ జతకైనా ఇరవై ఒకటే వస్తోంది. నేను చదివింది ఐదో తరగతి. రొయ్యల షెడ్డులో తూకాలు చూసుకుంటూ, లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నదాన్ని. అంకెలు ఇలా పొందికగా కుదిరి ఉండటం ఎక్కడ కనిపించినా వదలలేను. ఆట ఏమిటో చెప్పమన్నాను. ముగ్గురిలో ఒకడు కత్తి పట్టినవాడట, ఒకడు మంత్రగాడట, ఒకడు దొంగట. మావాడు మాత్రం మిగతా లోకమంతా తానేనట. గాలీ వానా వాడే, రాక్షసులూ వాడే. ఇప్పుడు ముగ్గురూ ఒక గుహలో ఉన్నారు, పైనుంచి ఒకటి ఎగిరొచ్చి మీద పడింది అంటూ పుస్తకంలో బొమ్మ చూపించాడు. గబ్బిలం రెక్కలు, సన్నటి పొడుగు కాళ్ళు, మూతి ఉండాల్సిన చోట సూది.

"ఇది రక్తం తాగుతుంది పెద్దమ్మా. అతుక్కుందంటే వదలదు. ఒక్కో విడతకు ఇన్ని ప్రాణాలని లాగేస్తుంది" అన్నాడు.

"తాగినాక యాడ కూర్చుంటుంది?" అని అడిగాను.

పిల్లలు నవ్వారు. "కూర్చోదు పెద్దమ్మా. కడుపు నిండితే ఎగిరిపోతుంది."

"ఎట్ట ఎగురుతుందిరా? కడుపు బరువెక్కి ఉంటే ఎగరలేదు. దగ్గర్లో ఏ గోడ ఉంటే ఆ గోడ మీద కూర్చుంటుంది."

వాడు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "అట్ట రాయలేదే" అన్నాడు. లోపలికి వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాను. నా ముఖం చూసి మా తోడికోడలు "ఉప్పు చాల్లేదా అక్కా?" అంది. సరిపోయిందన్నాను.

మా పాలెం పులికాటు సరస్సు మధ్య ఒక చిన్న లంక మీద ఉండేది. అరవైకి అటూ ఇటూ సంగతి ఇది. శ్రీహరికోట అంటే అప్పట్లో మాకు పొయ్యిలోకి కట్టెలు వచ్చే దీవి, అంతే. పొద్దువాలితే నీళ్ళకు అవతల సరుగుడు చెట్ల నల్లటి గీతలాగా కనిపించేది. మా ఇళ్ళన్నీ మట్టిగోడలు, తాటాకు కప్పులు. మా ఇల్లూ మా అవ్వ ఇల్లూ ఒకే పెరటిని ఆనుకుని ఉండేవి. అమ్మను పుట్టింటికి రెండు బారల దూరంలో ఇచ్చారన్నమాట. అవ్వకు మా అమ్మ పెద్దది, తరవాత మామ, ఆఖరిది పిన్ని. పిన్ని నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఈ కథ జరిగేనాటికి ఆమెకు పదహారు.

పిన్నికి రెండు పనులు బ్రహ్మాండంగా వచ్చేవి. ఒకటి రొయ్య ఒలవడం. మాట్లాడుతూనే ఉండేది, కళ్ళు ఎక్కడో ఉండేవి, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి. రెండోది అబద్ధం చెప్పడం. నీళ్ళకు పంపితే ఖాళీ బిందెతో తిరిగొచ్చి, దారిలో బావి కనిపించలేదని చెప్పగలదు. "నీ నోట్లో నిజం వెతకడమూ, ఉప్పులో చక్కెర వెతకడమూ ఒకటేనే" అనేది అవ్వ. "దొరికితే రెండూ తియ్యగానే ఉంటాయి గదమ్మా" అనేది పిన్ని. అలా అని ఆమె అబద్ధాల వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. తనకు అవసరమై కాదు, ఉన్న లోకం చాలక చెప్పేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక ఏడు మా పాలేనికి తోలుబొమ్మలవాళ్ళు వచ్చి ఆడిపోయారు. మర్నాడు పిన్ని పెరట్లో చెప్పుల్లేని కాళ్ళతో ఇసుక చదును చేస్తూ, "అది వాళ్ళ రాజ్యం. మనకొకటి ఉండాల" అంది. ఇసుకలో ఏడు దిబ్బలు పోసింది. మధ్యలో నీళ్ళకు గుర్తుగా పొయ్యి బూడిద చల్లింది. దాని పేరు ఏడు దిబ్బల రాజ్యం. మా తమ్ముడు రాజు. వాడిని రాజును చెయ్యకపోతే ఏడుస్తాడు కాబట్టి అందులో వాదన లేదు. మామ కూతురు కళ్ళు గుండ్రంగా తిప్పగలదు కాబట్టి మంత్రగత్తె. నేను ఉప్పు అమ్ముకునేదాన్ని. నాకు అది నచ్చలేదు. నేను ముఖం ముడుచుకుంటే పిన్ని, "ఏమ్మే, రాజ్యంలో లెక్క తెలిసిన మనిషి ఒక్కతన్నా ఉండబళ్ళా? రాజు చేతివేళ్ళు దాటి లెక్కపెట్టలేడు" అంది. రాజు వెంటనే ఏడవడం మొదలుపెట్టాడు. నేను ఉప్పుదాన్నైపోయాను.

తలా ఇరవై చింతగింజలు ఇచ్చేది. అవి మా ప్రాణాలు. ఆరు గవ్వలు వేసి, వెల్లకిలా పడ్డవాటిని బట్టి ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకు పోవాలి. మేము ముగ్గురం కాక ఆ రాజ్యంలో ఉన్నదంతా పిన్నే. రేవు దగ్గర సణిగే ముసలమ్మ ఆమే, గాలివాన ఆమే, దారి చెప్పి తప్పుదారి పట్టించే నక్క ఆమే. అన్నిటికంటే మించి జుర్రుపిట్ట ఆమే. చలికాలంలో సరస్సులో దిగే ఎర్రకాళ్ళ కొంగల కాళ్ళు తెచ్చి దానికి పెట్టింది. ఒళ్ళూ రెక్కలూ గబ్బిలానివి. మూతి, వలలో పడితే వేలికి గుచ్చుకునే సూదిమూతి చేపది. దాన్ని ఆడాల్సి వచ్చినప్పుడు చిరిగిన వలముక్క భుజాల మీద కప్పుకుని, పెదవులు ముందుకు చాచి, ఒంటికాలి మీద నిలబడి చూసేది. ఎవరివైపు దూకుతుందో తెలియదు. దూకి పట్టుకున్నాక గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గింజలు జుర్రుమని చప్పుడు చేస్తూ లాక్కునేది. రాజైనా సరే, మా తమ్ముడు ఒకటి రెండుసార్లు లాగు తడుపుకున్నాడు. వాడిప్పుడు బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి, కింద కొంతమంది పనిచేస్తున్నారు, అందువల్ల ఇంతకంటే చెప్పను.

ఆటలో నాకొక ఇబ్బంది కనిపించింది. జుర్రుపిట్టకు గింజలు పెరగడమే గాని తరగడం లేదు. మాకు తరగడమే గాని పెరగడం లేదు. "ఇట్టయితే ఎప్పుడాడినా అదే గెలుస్తుంది గదా పిన్నీ. ఇంక ఆడేదెందుకు?" అన్నాను. పిన్ని నవ్వలేదు. "అవును మే. దాన్ని చంపే ఉపాయం ఒకటి ఉండాల. ఆలోచిస్తా" అంది.

ఆ ఉపాయం దోమలాయన తెచ్చాడు. గోడలకు డీడీటీ కొట్టించే మనిషిని మా పాలెంలో అందరూ అలాగే పిలిచేవారు. ఖాకీ బట్టలు, భుజాన సంచి, వెనక పంపూ బక్కెట్టూ మోసుకుంటూ ఇద్దరు. మందు కొట్టేది ఏడాదికి ఏ రెండుసార్లో. అది కాక పదిహేను రోజులకో ఇరవై రోజులకో ఒక్కడే వచ్చి, ఇంటింటికీ ఆగి, జ్వరాలున్నాయా అని అడిగి, ఉంటే వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తుటి చుక్క తీసుకుని, బిళ్ళలు ఇచ్చిపోయేవాడు. ఆ రోజు కుండలూ చాపలూ వాకిట్లో పెట్టించి, గోడలన్నిటికీ మందు కొట్టించాడు. తడి ఆరేసరికి గోడలు తెల్లటి చారలతో, ముక్కు మూసుకునే వాసనతో తయారయ్యాయి. ఆడవాళ్ళందరినీ చూరు కింద నిలబెట్టి దోమ గురించి చెప్పాడు. అది తన బరువును మించి నెత్తురు తాగుతుందనీ, తాగాక దూరం పోలేక పక్కనున్న గోడ మీద వాలుతుందనీ, గోడకు మందుంటే కాళ్ళకు అంటుకుని చస్తుందనీ చెప్పాడు.

"ఈ మందు మీద అలకవద్దు అవ్వా. సున్నం కొట్టవద్దు. మళ్ళీ కొట్టేదాకా ఇట్టనే ఉండనీ" అన్నాడు మా అవ్వతో.

"నువ్వొచ్చేదాకా గోడలు అలక్కుండా కూర్చునేదానికి నువ్వేమన్నా నా అల్లుడివా నాయనా?" అంది అవ్వ. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన కూడా నవ్వాడు. ఈ మాట ప్రతి పాలెంలోనూ వింటాడు కాబోలు.

వినవలసినట్టు విన్నది పిన్ని ఒక్కతే. "తాగిన వెంటనే కూర్చోవాల్నా? కాసేపు ఓర్చుకుని ఎగరలేదా?" అని అడిగింది.

"కడుపునిండా పొంగలి తింటే నువ్వు మాత్రం గోడకు ఆనుకోవా అమ్మాయ్?"

"కడుపునిండా పెట్టి చూడు, ఎగురుతానో ఆనుకుంటానో."

మర్నాటికల్లా ఆట మారిపోయింది. ప్రతి దిబ్బ మీదా ఆల్చిప్పలు నిలబెట్టి గోడలు కట్టింది. జుర్రుపిట్ట తాగిన వెంటనే దగ్గరి గోడ మీద ఒక విడత కూర్చోవాలి. ఆ గోడకు మేము ముందే మందు కొట్టి ఉంటే, అంటే ఆల్చిప్ప మీద సున్నపు బొట్టు పెట్టి ఉంటే, మేము గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే దానికి అన్ని ప్రాణాలు పోతాయి. బొట్టు పెట్టడానికి గింజలు ఖర్చవుతాయి కాబట్టి అన్ని గోడలకూ పెట్టలేము. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఏ గోడకు పెట్టాలి, అది ఎటు తిరుగుతుంది, నా దగ్గర ఎన్ని మిగులుతాయి అని రొయ్యలు ఒలుస్తూ కూడా మనసులో కూడికలు తీసివేతలు చేసేదాన్ని. లెక్క మీద నాకు ప్రేమ పుట్టింది బళ్ళో కాదు, ఆ పెరట్లో. జుర్రుపిట్ట కొన్నిసార్లు చావుదాకా వచ్చింది గాని చావలేదు. పిన్ని మాకంటే ఒక అడుగు ముందే ఉండేది.

వానలు వెనకబట్టి, సరస్సులో రొయ్య బాగా తగలడం మొదలయ్యాక మా పాలెంలో గంగమ్మకు పొంగళ్ళు పెట్టేవారు. దానికి ముందు ప్రతి ఇల్లూ మట్టీ పేడా కలిపి పైనుంచి కిందిదాకా అలకాలి. అలకని ఇంటి పొయ్యి మీద పొంగిన పొంగలి గంగమ్మ ముట్టదని అందరి నమ్మకం. మా ఇంట్లో అలికే పని పిన్నిది. ఆ ఏడు ఆమె ఒక్కసారి మాత్రం అడ్డం చెప్పింది.

"అమ్మా, గోడలు అలకొద్దని దోమలాయన చెప్పినాడే."

"ఆయనకేం, సంచి తగిలించుకుని పోతాడు. నా మొగుడూ నా కొడుకూ నా అల్లుడూ పొద్దున లేస్తే నీళ్ళ మీదుంటారు. నేను ఎవరికి చెప్పుకోవాల్నే, గంగమ్మకా, దోమలాయనకా?"

ఎప్పుడో ఒకప్పుడు మనిషి తిరిగిరాని ఇల్లు మా వీధిలో లేదు. నేను మట్టి తట్ట అందిస్తుంటే పిన్ని కొంగు బిగించుకుని గోడ అలికింది. పేడమట్టి ముద్ద తీసి, అరచెయ్యి ఆనించి, భుజం దాకా కదిలిస్తూ ఒక్కో విసురుకు ఒక్కో అర్ధచంద్రాకారం వచ్చేట్టు తిప్పేది. తెల్లటి మందు చారలు ఒక్కొక్కటే మట్టి కింద కనబడకుండా పోయాయి. "ఏమ్మే ఉప్పుదానా, చూస్తుండావా? జుర్రుపిట్టకు పడక పరుస్తుండా" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆరిన తరవాత చూస్తే గోడ నిండా ఆమె చేతి వంపులు, చేప పొలుసుల్లాగా వరసలు వరసలుగా ఎంతో అందంగా ఉన్నాయి. అవ్వ కూడా మెచ్చుకుంది, అదీ అరుదే.

పొంగళ్ళు బాగా జరిగాయి. దోమలాయన పండగ మర్నాడే జ్వరాల కోసం పాలెం తిరిగిపోయాడు. అప్పటికి మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. ఆయన వెళ్ళిన కొద్ది రోజులకే ఒక మధ్యాహ్నం పిన్నికి చలి పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్ళు టకటకమన్నాయి. తరవాత ఒళ్ళు పెనంలా కాలింది. సాయంత్రానికి చెమట పట్టి దిగిపోయింది. మర్నాడు లేచి మామూలుగా రొయ్య ఒలిచింది. ఆ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చలి. దినం మార్చి దినం వచ్చే జ్వరం మా వైపు కొత్తకాదు. వచ్చేది, పోయేది. కషాయం పెట్టారు. మామ మాత్రం పడవలో సరస్సు దాటించి, బస్సెక్కించి సూళ్ళూరుపేట ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు.

అక్కడే చిక్కు వచ్చింది. జ్వరం ఉన్న రోజు ఆమె పడవలో కూర్చోలేదు. ఎండా గాలీ తగిలితే ఏమవుతుందో అని అవ్వ భయం. జ్వరం లేని రోజు వెళ్దామంటే పిన్ని ఒప్పుకోదు. "ఇప్పుడు నాకేమైంది? డాక్టరుకు ఏం చూపించేది, పళ్ళా? రొయ్య తగిలే రోజుల్లో నా కోసం పడవ ఆపుకోవద్దు అన్నా" అనేది. నిజంగానే ఆ రోజు ఆమెకు ఏమీ ఉండదు. దోమలాయన రానే వస్తాడు, బిళ్ళలిస్తాడు అనుకున్నారు. ఇలా బాగున్న రోజు వెళ్ళే పని లేకా, బాగాలేని రోజు వెళ్ళే వీలు లేకా రోజులు జరిగాయి. ఇంట్లో అంతమంది పెద్దవాళ్ళున్నా, అందరూ ఆమె మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే అయినా, అలా జరిగాయి.

ఒక మంచి రోజున పిన్ని మమ్మల్ని పిలిచి, "రాండి, రాజ్యం పాడుబడిపోతా ఉండాది" అంది. కళ్ళు పచ్చబడి ఉన్నాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వలముక్క కప్పుకుంటే నిజంగానే ఏదో పక్షిలా ఉంది. ఆ రోజు గవ్వలన్నీ ఆమె మాట విన్నాయి. ఏ గోడకు సున్నం బొట్టు లేదో చూసి సరిగ్గా దాని పక్కనే వాలేది. రాజు దగ్గర మూడు గింజలు మిగిలాయి. మంత్రగత్తె వాదన పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలుతుండగా పిన్ని ఉన్నట్టుండి ఆపేసింది. "ఆయాసంగా ఉండాది. మిగతాది ఎల్లుండి ఆడదాం. రేపు నాకు చుట్టం వస్తాడు గదా" అంది. చుట్టమంటే జ్వరం. కోళ్ళు గింజలు తినకుండా రాజ్యం మీద గంపలు బోర్లించి వెళ్ళాము.

మర్నాడు ఆ చుట్టం మధ్యాహ్నం దాకా ఆగలేదు. మేము చద్ది తింటుండగానే వచ్చాడు. ఈసారి చలి తక్కువ, కాక ఎక్కువ. కొంతసేపటికి పిన్ని అవ్వను చూసి "ఎవురు నువ్వు?" అని అడిగింది. మామ రేవుకు పోయి పడవలో గడ్డి పరవడం మొదలుపెట్టాడు. అవ్వ మూట కడుతూ, కట్టింది విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉంది. అమ్మ తడిగుడ్డ మార్చడానికి కుండ దగ్గరికి వెళ్ళింది. అప్పుడు పిన్ని నా వైపు తల తిప్పింది. నన్ను గుర్తుపట్టింది.

"ఏమ్మే, నాకెన్ని మిగిలినాయి?"

ఏమడుగుతోందో నాకు అర్థమైంది. పెరట్లోకి పరిగెత్తి, గంపలెత్తి, ఆమె కుప్ప లెక్కపెట్టి తిరిగొచ్చాను.

"నలభై ఎనిమిది పిన్నీ. నీకే ఎక్కువుండాయి. మా అందరివీ నీ దగ్గరే ఉండాయి."

"అన్నీ నా దగ్గరెందుకు? అందరికీ సమానంగా పంచు పో" అంది. తరవాత కళ్ళు మూసుకుంది.

నేను మళ్ళీ పెరట్లోకి పోయి గింజలు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు తోచింది, అందరికీ అంటే ముగ్గురికా, నలుగురికా? ఆమెను కలుపుకోవాలా వద్దా? చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. గింజలే చెబుతాయేమో అని చూశాను. ముగ్గురికైతే తలా పదహారు. నలుగురికైతే తలా పన్నెండు. ఎటు పంచినా ఒక్క గింజ మిగలదు, ఒక్కటి తక్కువ రాదు. ఏదో ఒక దానికి మిగులు తేలి ఉంటే నాకు దారి దొరికేది. అడిగొద్దామని లేచి ఇంట్లోకి పోతే మంచం ఖాళీగా ఉంది. రేవుకు పరిగెత్తాను. మామ గడ వేస్తున్నాడు. పడవ అప్పటికే నడుము లోతు నీళ్ళు దాటిపోయింది. అవ్వ ఒళ్ళో పిన్ని తల, పైన ఎండ పడకుండా పట్టిన చీరకొంగు. "పిన్నీ, నీకు వెయ్యాల్నా?" అని ఒడ్డున నిలబడి అరిచాను. గాలి మా వైపుకే కొడుతోంది.

వచ్చి నలుగురికీ పంచాను. ఆమె పన్నెండూ కొబ్బరిచిప్పలో పోసి చూరులో పెట్టాను.

సాయంత్రం పడవ కనిపించింది. అంత తొందరగా తిరిగిరాకూడదు. మామ నిలబడి, ఒక గడకూ ఇంకో గడకూ మధ్య చాలాసేపు ఊరుకుంటూ వస్తున్నాడు. పొద్దున వెళ్ళిన తొందర అందులో లేదు. రేవులో ఆడవాళ్ళు అది చూసి మా అమ్మను పట్టుకున్నారు. ఆవలి ఒడ్డు చేరేలోపే అయిపోయిందట.

రాజ్యం ఇసుకలో కలవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. మా తమ్ముడు తన ప్రాణాలన్నీ పొయ్యిలో వేయించుకుని తినేశాడు. మామ కూతురు ఒకసారి గవ్వలు తెచ్చి "ఆడదామా?" అంది. జుర్రుపిట్ట ఎవరు అని నేనడిగితే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని లేచిపోయాము. చూరులో పెట్టిన పన్నెండు గింజలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో కిలో రొయ్య తేడా వచ్చినా పట్టుకున్నదాన్ని, అవి ఎక్కడ పోయాయో చెప్పలేను.

దోమలాయన తన రోజుకు తను వచ్చాడు. వాకిట్లో నిలబడి మామూలుగా అడిగాడు.

"అవ్వా, ఇంట్లో జ్వరం ఎవరికైనా ఉండాదా?"

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "ఇప్పుడెవరికీ లేదు నాయనా" అంది.

ఆయన సంచి సర్దుకుంటూ లోపలికి చూశాడు. అలికిన గోడ కనిపించింది. ఏదో అనబోయినవాడు మా అమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. పిన్ని ఎక్కడుందని అడగలేదు. ఎప్పుడొచ్చినా ఆమే గదా ఆయనను ప్రశ్నలతో చంపేది. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, ఆ గోడ మీది చేతి వంపుల దగ్గర తల వంచుకుని నిలుచున్నాడు. వెళ్ళేటప్పుడు మా ముగ్గురు పిల్లల వేళ్ళూ గుచ్చి నెత్తురు తీసుకున్నాడు. మా తమ్ముడు కూడా ఏడవలేదు.

మరుసటి ఏడు పొంగళ్ళకు పాలెమంతా అలికారు, మా అవ్వ అలకలేదు. అలకని ఇంట్లోనే పొంగలి పెట్టింది. ఎవరూ ఒక్క మాట అనలేదు.

పెద్దయ్యాక ఈ సంగతిని నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతిలో, లెక్కలో పెట్టి చూశాను. ఆ ఏడు అలికింది మా ఇల్లు ఒక్కటే కాదు. మందు మీద మట్టి పూయని ఇల్లు పాలెంలో లేదు. జ్వరాలు వచ్చినవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళందరూ లేచి తిరిగారు. పోయింది ఆమె ఒక్కతే. గోడ మీద వాలేదాన్ని గురించి ఆ పాలెంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి. ఏ వైపు నుంచి కూడినా, ఎలా భాగించినా, ఆమే ఎందుకో తేలలేదు. అవ్వ మీద కోపం తెచ్చుకుందామని కూడా చూశాను. గంగమ్మకు భయపడ్డ ఆ ముసలామె కళ్ళ ముందుకు వచ్చేది. కోపం నిలిచేది కాదు.

మా అమ్మ పోయింది, అవ్వ పోయింది, మామ పోయాడు. ఆ రెండిళ్ళలో పిన్నిని చూసినవాళ్ళం ముగ్గురమే మిగిలాము. తమ్ముడికి వలముక్క తప్ప ఏమీ గుర్తులేదంటాడు. పదహారేళ్ళ పిల్లగా ఆమెను తలుచుకోమని అందరూ అంటారు గాని, అది నా వల్ల కాదు. నాకు ఏడాది నిండిన ప్రతిసారీ ఆమెకూ ఒకటి వేసుకుంటూ వచ్చాను. పిల్లలు పుట్టాల్సిన ఏళ్ళు దాటించాను, వెంట్రుకలు నెరవాల్సిన ఏళ్ళు దాటించాను. ఇప్పుడు నాలాగే మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకుంటూ ఉండాలి. ఎక్కడ ఆపాలో తెలియదు, ఆపమని చెప్పేవాళ్ళూ లేరు. మొన్న నాకు యాభై ఒకటి నిండింది. ఆమెకు యాభై ఎనిమిది వేశాను.